కుండలిని లేచిందంటున్నారు, నాకేమో నిద్ర పోయింది. సాధన ఆపాలా, కొనసాగించాలా?

కృష్ణాతీరం
మాది విజయవాడ. ఉద్యోగాల వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఐదు నెలలుగా వీడియోలు చూసి ప్రాణాయామం చేస్తున్నాను. మొదట అనులోమ విలోమం పది నిమిషాలు చేసేదాన్ని. తర్వాత కపాలభాతి, ఆ తర్వాత భస్త్రిక (కొలిమి తిత్తిలా వేగంగా ఊపిరి తీసి వదలడం), దానికి మూలబంధం (నడుము కింది కండరాలు లోపలికి బిగించడం) కూడా కలిపాను. ఇప్పుడు రోజూ 45 నిమిషాలు అవుతోంది.

రెండు నెలలుగా వెన్నులో వేడి. నడుము దగ్గర మొదలై భుజాల మధ్య దాకా పాకుతున్నట్టు ఉంటుంది. పడుకోగానే కాలో చెయ్యో ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అరికాళ్లు మంటలు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు, మళ్లీ ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది.

ఒకాయన దగ్గర 21 రోజుల ఆన్‌లైన్ శిబిరం చేశాను, 3,000 కట్టాను. ఈ లక్షణాలు చెప్తే "నీకు కుండలిని లేచింది, మణిపూరకం దగ్గర ఇరుక్కుంది, రెండో స్థాయి దీక్ష తీసుకోకపోతే ప్రమాదం" అన్నారు. కుండలిని అంటే వెన్ను అడుగున నిద్రపోతూ ఉండి, చక్రాల గుండా మాడు దాకా లేస్తుందని యోగంలో చెప్పే శక్తి. మణిపూరకం బొడ్డు దగ్గరి చక్రమట. దానికి 35,000. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మూడు నెలల క్రితం ఒక శుక్రవారం లలితా సహస్రనామం చదువుకుని అలాగే కూర్చుండిపోయాను. నా ఒళ్లు ఎక్కడ అయిపోతోందో, గది ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. వంటింట్లో కుక్కర్ విజిల్ ఎక్కడో పక్క వీధిలోంచి వచ్చినట్టు వినపడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఏడుపు మాత్రం కాదు. ఇరవై నిమిషాలు అయి ఉంటుంది. రెండు రోజులు ఎవరి మీదా కోపం రాలేదు. అది అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. దాని కోసమే సాధన పెంచాను.

ఇది నిజంగా కుండలినేనా? ఆపేయాలా? మంచి గురువుని ఎలా కనుక్కోవాలి?

పాతబస్తీ_రవి
35,000 కట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

అరటిపువ్వు
రవి అన్న మాటే నాదీ. "ప్రమాదం" అని భయపెట్టి వెంటనే రేటు చెప్పారంటే అక్కడితో లేచి వచ్చేయాలి.

హఠయోగి_కర్నూలు
పన్నెండేళ్లుగా ఆసనాలు, ప్రాణాయామం నేర్పిస్తున్నాను. ముందు మూడు విషయాలు చెప్పండి అక్కా. సాధన ఏ టైంలో చేస్తున్నారు? తిన్నాక ఎంతసేపటికి? భస్త్రిక ఎన్ని రౌండ్లు?

కృష్ణాతీరం
పిల్లలు పడుకున్నాకే కుదురుతుంది. రాత్రి పదిన్నరకి మొదలుపెడతాను. తొమ్మిదికి భోజనం. భస్త్రిక ఐదు రౌండ్లు, రౌండుకి వంద. ఆయన శిబిరంలో సాత్వికాహారం అన్నారని పాలు, పెరుగు మానేసి నాలుగు నెలలైంది. రాత్రి రెండు పుల్కాలే తింటున్నాను.

హఠయోగి_కర్నూలు
అయ్యో. అక్కా, భస్త్రిక ఒంటిని లేపే క్రియ. దాన్ని పదిన్నరకి ఐదు వందల సార్లు చేసి పదకొండున్నరకి పడుకుంటే నిద్ర ఎలా వస్తుంది? పొద్దున్న ఖాళీ కడుపుతో చేయాల్సింది అది. మా దగ్గరకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి మూడు నెలలు భస్త్రిక ఇవ్వను. ఇచ్చినా ఇరవై చొప్పున రెండు రౌండ్లు, అదీ నా కళ్ల ముందు. మూలబంధం ఇంకా తర్వాత.

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం రెండో అధ్యాయంలో స్వాత్మారాముడు చెప్పిన మాట మా గురువుగారు మొదటి రోజే కంఠతా పట్టించారు. సింహాన్ని, ఏనుగుని, పులిని మెల్లమెల్లగా ఎలా మచ్చిక చేసుకుంటారో వాయువునీ అలాగే లొంగదీసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుంది అని. "శనైః శనైః" అన్నాడాయన. ఆ శ్లోకానికి ముందు శ్లోకంలోనే, అభ్యాసం మొదలుపెట్టినవాడు పాలు, నెయ్యితో భోజనం చేయాలని ఉంది. మీ చేత పాలు మాన్పించినాయన ఆ పేజీ తిప్పలేదేమో.

డాక్టరమ్మ_నెల్లూరు
నేను జనరల్ ఫిజీషియన్‌ని. కుండలిని గురించి నాకు తెలియదు, ఒంటి గురించి చెప్తాను.

వేగంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు, తల తేలిపోవడం, ఎక్కువైతే చేతివేళ్లు కొంకర్లు పోవడం జరుగుతాయి. కాసేపు మామూలుగా ఊపిరి తీసుకుంటే తగ్గిపోతాయి. నిద్రలోకి జారేటప్పుడు కాలు ఎగిరిపడటం చాలామందికి ఉండేదే, నిద్ర చాలనివాళ్లకి ఇంకా ఎక్కువ.

అరికాళ్ల మంటలు మాత్రం వదిలేయకండి. శాకాహారులా మీరు? పైగా పాలు, పెరుగు కూడా లేవు. బి12 తప్పనిసరిగా చూపించుకోండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, బీపీ కూడా. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే ఒళ్లు వేడెక్కడం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం అన్నీ ఉంటాయి. వాటిని చక్రాల ఖాతాలో వేసుకుని కూర్చుంటే ఆర్నెల్లకి ముదురుతుంది.

ఇంకొకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నిద్ర లేకపోయినా మర్నాడు విపరీతమైన ఉత్సాహం, ఆగకుండా మాట్లాడటం, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టడం, నాకేదో ప్రత్యేక శక్తి వచ్చిందనిపించడం, ఇలాంటివేమైనా ఉన్నాయా?

కృష్ణాతీరం
లేవు డాక్టర్ గారూ. నీరసం, చిరాకు, అంతే. అవును, శాకాహారులమే. ఈ వారం టెస్టులు చేయించుకుంటాను.

నాస్తికుడు_గుంటూరు
చెల్లెమ్మా, ఒక చారిత్రక సంగతి చెప్తాను. ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి యువకుడిగా ఉన్నప్పుడు గంగలో కొట్టుకొస్తున్న శవాన్ని ఒడ్డుకి లాగి, కోసి, హఠయోగ గ్రంథాల్లో చెప్పిన చక్రాలు, నాడులు ఉన్నాయేమోనని చూశారు. ఏవీ కనపడలేదు. ఆ పుస్తకాలు చింపి శవంతో పాటే నీళ్లలో వదిలేశారు. ఈ మాట చెప్పింది ఆయనే, నాస్తికులు కల్పించింది కాదు. లేనిదాని కోసం మీరు ఒళ్లు పాడుచేసుకుంటున్నారని నా బాధ.

బ్రహ్మంగారిసీమ
మాది కడప జిల్లా. గుంటూరన్నా, నువ్వు చెప్పిన కథ లాంటిది మా దగ్గర అంతకన్నా పాతది ఉంది. బ్రహ్మంగారు సిద్ధయ్యకి శరీరంలో ఏ చక్రంలో ఏ దేవత ఉంటుందో బోధిస్తుంటే కక్కయ్య చాటునుంచి విన్నాడు. ఇంటికెళ్లి నిద్రపోతున్న పెళ్లాన్ని కోసి దేవతల కోసం వెతికాడు. రక్తమాంసాలు తప్ప ఏమీ కనపడలేదు. స్వామి అబద్ధం చెప్పాడని గోల చేస్తూ వచ్చాడు. స్వామి ఆమెని బతికించి, తర్వాత కక్కయ్యకి ఉపదేశం చేశారని మా అవ్వ చెప్పేది.

జరిగిందా లేదా అని నాతో వాదం పెట్టుకోవద్దు. చక్రాలు కోస్తే కనపడేవి కావని ఆ కథ కట్టినవాళ్లకి తెలుసు అంటున్నా. మనిషిని కోస్తే ప్రేమ కనపడుతుందా?

నాస్తికుడు_గుంటూరు
కథ బాగుంది తమ్ముడూ. అయితే ఒక మాట. కనపడనిది అని మనం ఒప్పేసుకున్న రోజు "నీ మణిపూరకంలో ఇరుక్కుంది" అన్నవాడిని ఎలా నిలదీస్తాం? వాడి మాటే ప్రమాణం అయిపోతుంది. అక్కడే నా అభ్యంతరం.

పాతబస్తీ_రవి
ఇది మంచి ప్రశ్న. సత్యం మాస్టారు ఎక్కడున్నారు? ఇలాంటి చర్చల్లో ఆయన మాట కావాలి.

గోదారిగట్టు
ఇది రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

మా తమ్ముడు 2017లో ఇలాగే మొదలుపెట్టాడు. అప్పుడు వాడికి 24. ఒక గ్రూపులో చేరి, రోజుకి నాలుగు గంటలు ధ్యానం, తిండి తగ్గించడం, మౌనం. మొదట్లో ఇంట్లో అందరం సంతోషించాం, సిగరెట్ మానేశాడని. నెల తిరిగేసరికి నిద్ర రెండు గంటలకి పడిపోయింది. అయినా నీరసం లేదు. రాత్రి మూడింటికి డాబా మీద నిలబడి, ఊళ్లో ఎవరు చనిపోబోతున్నారో తనకి తెలుస్తోందని చెప్పేవాడు. గ్రూపువాళ్లకి ఫోన్ చేస్తే "శక్తి పని చేస్తోంది, అడ్డుపడకండి, మందులు వాడితే సాధన చెడుతుంది" అన్నారు. మేం ఆ మాట విన్నాం. మూడు వారాలు విన్నాం. ఒకరోజు గోదారిలో దిగి నడుచుకుంటూ వెళ్లిపోతుంటే పడవవాళ్లు బయటికి లాగారు.

సైకియాట్రిస్ట్ దగ్గర వైద్యం చేయించాం. ఇప్పుడు బాగున్నాడు, పెళ్లయింది, మందు ఒకటి ఇంకా వేసుకుంటాడు. దేవుడి గదిలో దీపం పెడతాడు. ధ్యానం జోలికి వెళ్లడు.

కృష్ణాతీరం గారూ, మీది అంతదాకా వచ్చిందని కాదు. ఆ మూడు వారాలు మేం ఎందుకు ఆగామా అని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. ముందు మీ ఆయనకి చెప్పండి. ఇవాళే చెప్పండి.

అరటిపువ్వు
చదివి ఏం రాయాలో తెలియట్లేదు గోదారి గారూ. తమ్ముడు బాగున్నాడన్నారు, అది చాలు.

డాక్టరమ్మ_నెల్లూరు
గోదారిగట్టు గారు చెప్పింది చాలా విలువైనది. నేను అడిగిన ప్రశ్న వెనక ఉన్న భయం ఇదే. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఇలా ఉంటే టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, రాత్రయినా పగలయినా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న మాట వినపడినా, గోదారిగట్టు గారి తమ్ముడిలా ప్రవర్తన మారిపోయినా ఫోన్‌తో సరిపెట్టకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డల్లాస్_శ్రీను
రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి కదా. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో, 2009లో, ఒక ఫ్రెండ్ సహజయోగ మీటింగ్‌కి తీసుకెళ్లాడు. నిర్మలాదేవి గారు 1970లో మొదలుపెట్టిన పద్ధతి. పైసా తీసుకోలేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో తెరిచి పెట్టుకోమన్నారు. అరచేతుల్లో, మాడు మీద చల్లటి గాలిలా తగిలింది. భస్త్రిక లేదు, బంధాలు లేవు, వేడీ లేదు. అప్పటినుంచీ పొద్దున్నే పది నిమిషాలు కూర్చుంటున్నాను. బీపీ తగ్గిందని, జ్ఞానం వచ్చిందని చెప్పను. మా అమ్మాయితో కేకలు వేయడం తగ్గింది. అది మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

పాతబస్తీ_రవి
ఏసీ వెంట్ కింద కూర్చోలేదు కదా శ్రీనూ?

డల్లాస్_శ్రీను
అదే అనుమానం నాకూ వచ్చి రెండోసారి కుర్చీ మార్చుకుని కూర్చున్నా రవీ. మళ్లీ తగిలింది.

సత్యం_మాస్టారు62
ఊరెళ్లి వచ్చేసరికి ఇంత చర్చ జరిగింది. అమ్మా కృష్ణాతీరం, నేను విశాఖలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా నాన్నగారిది మాస్టర్ సి.వి.వి. గారి మార్గం. ఆయన కుంభకోణంలో 1910లో ప్రారంభించిన యోగం అది. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ప్రార్థన చేసి కళ్లు మూసుకుని కూర్చోవడం, లోపల ఏం జరుగుతోందో గమనించడం. మా విశాఖలో మాస్టర్ ఇ.కె. (ఎక్కిరాల కృష్ణమాచార్య) గారి వల్ల చాలా ఇళ్లలోకి వచ్చింది. అక్కడ కూడా కుండలిని మాట ఉంది కానీ దాన్ని గుంజి లేపమని నాకెవరూ చెప్పలేదు.

నాకు కుదురు లేక, 1986లో, మరొక పెద్దాయన దగ్గర ప్రాణాయామం నేర్చుకోవడానికి వెళ్లాను. పోస్టాఫీసులో పనిచేసేవారు. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, చిటికెడు దూది తీసి రెండు వేళ్లతో పీచులా సాగదీసి, అగ్గిపుల్ల కొసకి చుట్టి, నా ముక్కు కింద పట్టుకున్నారు. "ఊపిరి వదులు, ఇది కదలకూడదు" అన్నారు. నా ఊపిరికి అది గాలిపటంలా కొట్టుకుంది. "అది కదలని రోజు రా, ప్రాణాయామం చెప్తా" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. బిగపట్టి వదిలితే ఇంకా కొట్టుకునేది. ఆరు నెలలు పట్టింది. బలవంతంగా ఆపాలని చూసినన్నాళ్లూ కదులుతూనే ఉంది, ఆపాలన్న పట్టుదల సడలాక నిలిచింది. మళ్లీ వెళ్తే ఆయన నవ్వి "ఇంక నీకు నేను చెప్పేది సగం మిగిలింది" అన్నారు.

ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. కానీ నా నిద్ర, నా భోజనం, భార్యతో ఎలా ఉంటున్నానో ప్రతిసారీ అడిగేవారు. ఒకసారి మా ఆవిడతో పోట్లాడి వెళ్తే, "ఇవాళ సాధన వద్దు, ఇంటికి పోయి ఆ సంగతి చూసుకో" అని గుమ్మంలోంచే పంపించేశారు. గురువుని ఎలా కనుక్కోవాలని అడిగావు కదమ్మా, నేను చూసింది ఇది.

గుంటూరు వారి ప్రశ్నకి కూడా ఇదే జవాబు. కనపడనిది ఉందా లేదా అని ఎవరినీ నిలదీయలేకపోవచ్చు. చెప్పేవాడు నిన్ను తొందరపెడుతున్నాడా, ఇంట్లోవాళ్లకి చెప్పవద్దంటున్నాడా, డాక్టరు దగ్గరకి వద్దంటున్నాడా అన్నవి కనపడేవే. వాటి మీద నిలదీయొచ్చు.

నాస్తికుడు_గుంటూరు
మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను.

హఠయోగి_కర్నూలు
ఒక్క విషయంలో నాకు తేడా ఉంది మాస్టారూ. డబ్బు తీసుకోకపోవడం గొప్పే. కానీ నేను నెలకి 800 తీసుకుంటాను, హాలు అద్దె కట్టాలి, ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి. నేర్పించిన శ్రమకి తీసుకోవడం తప్పు కాదు. భయానికి రేటు కట్టడం తప్పు. ఈ రెండూ కలిపేస్తే నాలాంటివాళ్లం దొంగల పక్కన నిలబడాల్సి వస్తుంది.

సత్యం_మాస్టారు62
నిజం నాయనా. నేనూ జీతం తీసుకునే లెక్కలు చెప్పాను. నా మాట దిద్దుకుంటున్నాను.

వేకువచుక్క
అసలు గురువు తప్పనిసరా? రమణ మహర్షికి దేహధారి గురువు లేరు కదా. ఆత్మవిచారం చేసేవాడికి కుండలిని కోసం వేరే సాధన అక్కర్లేదని ఆయన చెప్పారు. నేను ఏడాదికి రెండుసార్లు అరుణాచలం వెళ్తాను, గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు నడుస్తాను, రమణాశ్రమం హాల్లో ఒక గంట కూర్చుంటాను. నాకు అది చాలనిపిస్తుంది.

సత్యం_మాస్టారు62
ఆయన అరుణాచలాన్నే గురువుగా చెప్పుకున్నారమ్మా. పైగా ఆయన చెప్పింది "నేనెవరు" అని విచారించమని, ఊపిరి బిగించి నడుము కింద ఏదో కదపమని కాదు. నీ దారిలో ఆ ప్రమాదం లేదు. ఊపిరితో, బంధాలతో పని పెట్టుకున్నవాడికే పక్కన ఒకరుండాలంటున్నాను.

గోపీకృష్ణ అని కాశ్మీరీ ఆయన ఉండేవారు, ప్రభుత్వ గుమస్తా. పదిహేడేళ్లు రోజూ తెల్లవారుజామున మాడు దగ్గర పద్మాన్ని ఊహించుకుంటూ ధ్యానం చేశారు, గురువు లేకుండా. 1937 డిసెంబరులో జమ్మూలో ఒక ఉదయం వెన్నులోంచి జలపాతంలా వెలుగు ఎగదన్నిందట. తర్వాత ఏళ్ల తరబడి నిద్రలేమి, ఒళ్లంతా మంటలు, తిండి సయించకపోవడం, పిచ్చెక్కుతుందన్న భయం. సాయం చేయగలవాడు ఒక్కడూ దొరకలేదు. మెల్లగా తిండి వేళకి తినడం, కొంచెం కొంచెంగా తరచూ తినడం వల్ల నిలదొక్కుకున్నానని తనే రాసుకున్నారు. కుండలిని అంటే వెలుగు, ఆనందం అనుకునేవాళ్లు ఆయన పడ్డ పాట్లు కూడా చదవాలి.

లలితాపారాయణం
ఇందాకటినుంచి ఒకటి చెప్పాలనుకుంటున్నా. కృష్ణాతీరం, నీకు ఆ ఇరవై నిమిషాలు దక్కింది భస్త్రిక చేస్తుంటే కాదు కదా తల్లీ? లలిత చదువుకున్నాక. అప్పటికింకా నువ్వు ఆ 45 నిమిషాలు మొదలుపెట్టలేదు.

మనం ప్రతి శుక్రవారం చదివే నామాల్లోనే మొత్తం దారి ఉంది. "మూలాధారైకనిలయా బ్రహ్మగ్రంథివిభేదినీ" దగ్గర మొదలై మణిపూరం, ఆజ్ఞ, సహస్రారం దాటి "మహాశక్తిః కుండలినీ బిసతంతుతనీయసీ" దాకా. కుండలిని 110వ నామం, దాని పక్కనే 111వది బిసతంతుతనీయసీ. తామరతూడు విరిస్తే రెండు ముక్కల మధ్య ఒక దారం సాగుతుంది చూడు, సాలెపురుగు దారంలా పల్చన, అంత సన్ననిది అమ్మవారు అని. మా ఊరి చెరువులో చిన్నప్పుడు తూళ్లు విరిచి ఆడుకునేవాళ్లం. గబుక్కున లాగితే ఆ దారం తెగిపోతుంది. నెమ్మదిగా దూరం జరిపితే ఒక జానెడు సాగుతుంది, ఎండలో మెరుస్తుంది. అలాంటిదాన్ని రౌండుకి వంద కొట్టి లేపుతారా ఎవరైనా?

కృష్ణాతీరం
పిన్నిగారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మీరన్నది నిజం. భస్త్రిక పెంచాక ఆ శుక్రవారం లాంటిది మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు. నేను ఇంతవరకూ అది గమనించనే లేదు.

బ్రహ్మంగారిసీమ
లలితమ్మ గారూ, ఆ దారం సంగతి మా పిల్లలకి చూపించాలి. కడపలో ఇప్పుడు తామర చెరువు ఎక్కడ వెతకాలో.

లలితాపారాయణం
పూల అంగట్లో కాడతో ఉన్న తామరపువ్వు అడుగు నాయనా. కాడ తాజాగా ఉంటే దారం వస్తుంది.

కృష్ణాతీరం
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

మా ఆయనకి చెప్పాను. కోప్పడతారనుకున్నా. "ఐదు నెలలు పక్కగదిలో నువ్వేం చేస్తున్నావో నేను అడగనే లేదు" అని బాధపడ్డారు. టెస్టులకి తనే తీసుకెళ్లారు. థైరాయిడ్, షుగర్ బాగున్నాయి. బి12 మాత్రం 138 వచ్చింది. ఆ ల్యాబ్ కాగితం మీద 200 పైన ఉండాలని ఉంది. డాక్టర్ ఇంజెక్షన్లు రాశారు, మూడు అయ్యాయి. రాత్రి సాధన పూర్తిగా ఆపేశాను. పెరుగన్నం మళ్లీ మొదలుపెట్టాను. నాలుగో రాత్రి పదింటికి పడుకుంటే పొద్దున్న ఐదున్నరకి లేచాను. వేడి సగానికి పైగా తగ్గింది. మంటలు ఇంకా ఉన్నాయి.

ఆ శిబిరం ఆయన రెండుసార్లు మెసేజ్ పెట్టారు, ఈ అమావాస్య దాటితే నా బాధ్యత కాదని. నంబర్ బ్లాక్ చేశాను. చేసేటప్పుడు చెయ్యి వణికింది, ఆ మాట దాచను.

డాక్టరమ్మ_నెల్లూరు
చాలా సంతోషం. నరాలు కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది, మంటలు వెంటనే పోలేదని ఇంజెక్షన్లు మధ్యలో ఆపకండి. కోర్సు అయ్యాక మళ్లీ చూపించుకోండి.

నాస్తికుడు_గుంటూరు
అంటే మొత్తం బి12 అన్నమాట.

సత్యం_మాస్టారు62
అరికాళ్లకి బి12 సరిపోతుంది గుంటూరు గారూ. ఆ శుక్రవారం ఇరవై నిమిషాలకి సరిపోతుందా? రెండు రోజులు ఎవరి మీదా కోపం రాలేదందా అమ్మాయి. విటమిన్ తక్కువైతే చిరాకు పెరగాలి కదా.

నాస్తికుడు_గుంటూరు
మనసు బాగా నిమ్మళించినప్పుడు అలా ఉంటుందంటాను. దానికి దేవత అక్కర్లేదు. కానీ అది విలువైనదే, కాదనను. నాకు ఒకసారి మా నాన్న పొలంలో, కోత అయ్యాక, సాయంత్రం అలా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

లలితాపారాయణం
చెప్పావుగా ఇప్పుడు. మంచిది నాయనా.

గోదారిగట్టు
మీరు ఇంట్లో చెప్పారని చదివి మా అమ్మకి చూపించాను. ఆవిడ మీకు ఆశీస్సులు చెప్పమంది.

కృష్ణాతీరం
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు ఆ రోజు రాయకపోయి ఉంటే నేను ఇంకో నెల దాచేదాన్ని.

ఇప్పుడేం చేయాలి అన్నది మళ్లీ అడుగుతున్నాను. పూర్తిగా మానేయాలని లేదు.

హఠయోగి_కర్నూలు
రెండు నెలలు భస్త్రిక, కపాలభాతి, బంధాలు వద్దు. పొద్దున్న లేచాక, కాఫీకి ముందు, నాలుగైదు ఆసనాలు, ఐదు నిమిషాలు శవాసనం. ఊపిరి బిగపట్టకుండా నాడీశుద్ధి (ఒక ముక్కుతో తీసి ఇంకో ముక్కుతో వదలడం) ఐదు నిమిషాలు. మీ ఇంటికి దగ్గరలో ముఖాముఖి నేర్పేవాళ్లని చూసుకోండి, మొదటి రోజే మీ రిపోర్టులు అడిగేవాళ్లయితే మంచిది. వేడిగా అనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి.

లలితాపారాయణం
శుక్రవారం మానకు. మళ్లీ వస్తుందేమోనని ఎదురుచూడకుండా చదువుకో.

సత్యం_మాస్టారు62
కర్నూలు తమ్ముడు చెప్పింది చేయి. దానికి తోడు రోజూ ఒక్క రెండు నిమిషాలు దూది పెట్టుకుని చూసుకో. కదిలితే కదలనీ.

కృష్ణాతీరం
ఇవాళ పొద్దున్న చేశాను మాస్టారూ. చిన్నది వచ్చి నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని అగ్గిపుల్ల తనే పట్టుకుంది. "అమ్మా, ఊగుతోంది, ఊగుతోంది" అని ఒకటే నవ్వు. ఒక సందేహం. దూది ఎడమ ముక్కు దగ్గర పెట్టాలా, కుడి ముక్కు దగ్గరా?

సత్యం_మాస్టారు62
రెండింటికీ మధ్యలో, బెత్తెడు దూరంలో. ముందు ఫ్యాన్ ఆపమ్మా.